బ్యాండ్ సౌండ్‌లో ప్రొడ్యూసర్ పాత్ర ఎంత? హన్మకొండ మిత్రుల ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. హన్మకొండలో మీరు ఐదుగురు: గిటారు, బేస్, డ్రమ్స్, డప్పు, గాత్రం. కాలేజీ ఉత్సవాల్లోనూ ఎన్ఐటీ స్ప్రింగ్ స్ప్రీలోనూ వాయించి మెప్పు పొందారు. సొంత పాటలు ఆరు సిద్ధంగా ఉన్నాయి. హైదరాబాదులో మీరు వాకబు చేసిన స్టూడియో వారు ప్రొడ్యూసర్ ఎవరో తేల్చుకుని రమ్మన్నారు. ఒక మిత్రుడేమో లాప్‌టాప్ ఉంటే చాలు, ఆ ఖర్చు దండగ అంటున్నాడు. మీ డప్పు కళాకారుడికి మాత్రం బయటి మనిషి చేయి పడితే మీ సౌండ్ మీది కాకుండా పోతుందని భయం. ప్రొడ్యూసర్ నిజంగా చేసే పని ఏమిటి, అతని వల్ల బ్యాండ్ సౌండ్ ఎంతవరకు మారుతుంది, మీకు అవసరమా కాదా అన్నది మీరు అడిగినది. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో జానపద బృందాలకూ కాలేజీ బ్యాండ్లకూ చాలా ఏళ్లుగా రికార్డింగ్ చేస్తున్నవాడిగా నాకు తెలిసినంత రాస్తున్నాను.

మీ డప్పు మిత్రుడి భయంలో నిజం ఉంది. చెడ్డ ప్రొడ్యూసర్ చేతిలో పడితే కొండ నాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుక ఊడగొట్టుకున్నట్టే అవుతుంది. అయితే ప్రొడ్యూసర్ అంటే మీ పాటకు తన శబ్దాలు చేర్చేవాడు అనే ఊహ సరైనది కాదు. పాటలో ఏ క్షణాన వినేవాడి చెవి దేని మీద నిలవాలో తేల్చడమే అతని అసలు పని. ప్రాక్టీసు గదిలో ఎవరి గోల వారిది. డ్రమ్మర్ చెవి పక్కన సింబల్ మోగుతుంది, గిటారు వాయించేవారికి తన యాంప్లిఫయర్ తప్ప మరొకటి సరిగా వినిపించదు, డప్పు మెడలో వేసుకున్న మనిషికి డప్పే లోకం. పాటను వినేవాడి స్థానం నుంచి వినగలిగే అవకాశం మీ ఐదుగురిలో ఎవరికీ లేదు. ఆ స్థానంలో కూర్చుని విని, విన్నదాన్ని బట్టి ‘ఇది ఉంచుదాం, ఇది తీసేద్దాం’ అని చెప్పే అధికారం మీరు ఎవరికి ఇస్తారో అతడే మీ ప్రొడ్యూసర్. మైకు ఎక్కడ పెట్టాలి, ఏ ట్రాకును ఎంత స్థాయిలో ఉంచాలి అన్నవి ఆ నిర్ణయం తరువాత వచ్చే పనులు. వాటిని మంచి సౌండ్ ఇంజనీరు చేయగలడు.

మన ప్రాంతంలో ఈ పని విడిగా కనిపించకపోవడానికి కారణం ఉంది. సినిమా పాటలో ఈ బాధ్యత సంగీత దర్శకుడే మోస్తాడు. బాణీ, వాద్యాల ఎంపిక, గాయకుడి చేత పాడించడం, చివరికి మిక్సింగ్ (ట్రాకులన్నీ తగిన స్థాయిల్లో కలపడం) ఎలా ఉండాలో చెప్పడం వరకు అంతా ఆయనదే. జానపద పాటల విషయానికి వస్తే కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల నుంచి యూట్యూబ్‌లోకి వస్తున్న వాటిలో చాలా భాగం కీబోర్డు ప్రోగ్రామర్ ఒక్కరే ట్రాకు కట్టి, గాయని వచ్చి పాడి వెళ్లే పద్ధతిలో తయారవుతాయి. బ్యాండు అలా కాదు. బాణీ మీరే కట్టారు, వాయించేదీ మీరే. అందువల్ల పైనుంచి నిర్ణయించే స్థానం ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీని భర్తీ చేయకపోతే ఏమవుతుందో నేను తరచుగా చూస్తూనే ఉంటాను: మిక్సింగ్ రోజున ఐదుగురూ ఇంజనీరు కుర్చీ వెనక నిలబడి, ఒక్కొక్కరు తమ వాద్యాన్ని కొంచెం పెంచమంటారు. పాపం, ఆయన అందరి మాటా మన్నిస్తాడు. చివరికి అన్నీ సమానంగా మోగుతాయి, పాట మాత్రం వినిపించదు.

ప్రొడ్యూసర్ వల్ల బ్యాండ్ సౌండ్ ఎంత మారుతుందో చూడాలంటే ఇంగ్లండు బ్యాండ్ బీటిల్స్, వారి ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్‌ల కథ ఇప్పటికీ మంచి ఆధారం. 1962లో ఆ కుర్రాళ్లు ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ అనే పాటను నిదానమైన నడకలో తెచ్చి వినిపించారు. వేగం పెంచి రమ్మని మార్టిన్ చెప్పాడు. స్వరం మారలేదు, మాట మారలేదు, నడక మాత్రం మారింది, పాట తీరే మారిపోయింది. 1965లో ‘యెస్టర్‌డే’కి నాలుగు తీగ వాద్యాల బృందాన్ని మార్టిన్ సూచించినప్పుడు ఆ పాట కట్టి పాడిన పాల్ మెకార్ట్నీ మొదట ఒప్పుకోలేదు. రాక్ బ్యాండ్ పాటలో వయొలిన్లు ఏమిటన్నది అతని సందేహం. చివరకు ఒప్పుకున్నాడు గాని, ఆ వాద్యకారులు స్వరాన్ని ఎక్కువగా ఊపకుండా నిలకడగా పట్టాలని షరతు పెట్టాడు. పాటలో మిగతా ముగ్గురు బీటిల్స్ వాయించనే లేదు. ఆ పాటకు డ్రమ్స్ అక్కర్లేదన్న నిర్ణయం నలుగురు మిత్రులు తమలో తాము తీసుకోవడం ఎంత కష్టమో, బయటి మనిషి ద్వారా జరిగితే ఎంత తేలికో ఆలోచించండి. అదే సమయంలో, ఆ షరతు పెట్టినవాడు బ్యాండ్ సభ్యుడే అన్న సంగతినీ గమనించండి. ప్రొడ్యూసర్ సూచనకు మీరిచ్చే జవాబు కూడా సౌండ్‌లో భాగమవుతుంది.

మీ డప్పు మిత్రుడి వైపు నుంచి చూస్తే మరో ఉదాహరణ ఉంది. ఇంగ్లండులోని జాయ్ డివిజన్ అనే బ్యాండ్ వేదిక మీద చాలా బిగ్గరగా, ఆవేశంగా వాయించేది. 1979లో వారి తొలి ఆల్బమ్‌ను ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ రికార్డు చేసినప్పుడు డ్రమ్స్ ఒక్కొక్కటీ విడివిడిగా వాయించమని చెప్పి, శబ్దాల మధ్య ఖాళీ వదిలి, డిజిటల్ డిలే (శబ్దాన్ని ఆలస్యంగా తిరిగి వినిపించే పరికరం) వాడి, చల్లగా దూరంగా వినిపించే సౌండ్ తయారు చేశాడు. ఆ ఫలితం గిటారు, బేస్ వాయించిన సభ్యులకు అప్పట్లో నచ్చలేదు. వేదిక మీది తమ బలం అందులో లేదన్నారు. అయినా ఆ బ్యాండ్ పేరు చెబితే ఇవాళ శ్రోతలకు గుర్తుకొచ్చేది ఆ సౌండే. దీన్నిబట్టి ప్రొడ్యూసర్ ఎప్పుడూ ఒప్పే అనుకోకండి. అమెరికాలోని నిర్వాణ బ్యాండ్ 1991లో ప్రొడ్యూసర్ బుచ్ విగ్‌తో చేసిన ఆల్బమ్ నునుపుగా, రేడియోకు తగినట్టుగా తయారై లక్షల మందికి చేరింది. ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ మాత్రం అది మరీ మెరుగు పెట్టినట్టుందని తరువాత అసంతృప్తి చెప్పుకున్నాడు. 1993లో అదే బ్యాండ్ స్టీవ్ ఆల్బినీ దగ్గరకు వెళ్లింది. తనను ప్రొడ్యూసర్ అనడమే ఇష్టపడని ఆల్బినీ గదిలో బ్యాండ్ ఎలా మోగుతుందో అలాగే పట్టుకోవాలన్న పట్టుదల గలవాడు. తీరా చూస్తే అందులోని రెండు మూడు పాటలను మళ్లీ వేరే వ్యక్తి చేత మిక్సింగ్ చేయించవలసి వచ్చింది. పాడేది అదే గొంతు, వాయించేది అవే చేతులు, సౌండ్ మాత్రం రెండు రకాలు. అందుకని ప్రొడ్యూసర్‌ను ఎంచుకోవడం కూడా ఒక సంగీత నిర్ణయమేనని, అది మీ చేతిలోనే ఉందని గుర్తుంచుకోవాలి.

ఇక మీ విషయానికే వస్తాను. మీరు పంపిన ప్రాక్టీసు రికార్డింగులు విన్నాను (మూడో దానిలో కాజీపేట వైపు వెళ్లే గూడ్సు బండి కూత చక్కగా పడింది, దాన్ని తీసేయకండి). మీ సౌండ్‌కు గుర్తింపు ఇచ్చేది డప్పే. ఇబ్బంది పెడుతున్నదీ డప్పే. డప్పు మీద సిర్రా (లావు పుల్ల) పడినప్పుడు వచ్చే ‘టక్’మనే పదును సుమారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. మనిషి చెవి అన్నింటికన్నా చురుగ్గా పనిచేసే ప్రాంతం అదే. మాటలోని హల్లులు స్పష్టంగా తెలిసేదీ అక్కడే, డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) వేసిన గిటారు గరుకుదనం ఉండేదీ, సింబల్ మొదటి దెబ్బ ఉండేదీ అక్కడే. మీ రెండో పాట చరణంలో ఈ నాలుగూ ఒకేసారి వస్తున్నాయి. సాహిత్యం బాగుందని రాసి పంపితే గాని నాకు తెలియలేదు, ఎందుకంటే వింటే మాటలు అందలేదు.

దీన్ని మిక్సింగ్‌లో ఈక్వలైజర్‌తో (శబ్దంలోని ఒక్కో ప్రాంతాన్ని పెంచి తగ్గించే మీట) సరిచేయాలని చూస్తే డప్పు పదును పోయి అట్టపెట్టె చప్పుడు మిగులుతుంది. మంచి ప్రొడ్యూసర్ ఆ మీట జోలికి పోడు. ప్రాక్టీసు గదిలోనే డప్పు వాయించే అతనితో కూర్చుని, చరణంలో పాదం నడుస్తున్నంత సేపు సిటికెన పుల్లతో సన్నని నడక మాత్రం పట్టమని, సిర్రా దెబ్బలను పాదం ముగిసి గాయకుడు ఊపిరి తీసుకునే చోటికి జరపమని అడుగుతాడు. అప్పుడు దరువు పాటకు బదులిస్తున్నట్టు ఉంటుంది. గిటారును చరణంలో డిస్టార్షన్ లేకుండా వాయించమంటాడు. డ్రమ్మర్‌ను ఆ చోట సింబల్ వదిలి టామ్ డ్రమ్ముల మీదకు రమ్మంటాడు. ఇవన్నీ చేస్తే డప్పు తక్కువసార్లు మోగుతుంది గాని ఎక్కువగా వినిపిస్తుంది. మీ మిత్రుడికి ఈ ఒక్క పాట మీద ఇలా ప్రయత్నించి చూడమని చెప్పండి. భయం చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

డప్పు రికార్డింగ్ గురించి తెలియని స్టూడియోలో మరో చిక్కు వస్తుంది. మంట దగ్గర కాచి బిగించిన తోలు చల్లబడే కొద్దీ వదులవుతుంది, శ్రుతి దిగుతుంది. వేదిక మీద ఎవరూ పట్టించుకోరు. స్టూడియోలో మాత్రం ఏసీ గదిలో ఉదయం తీసిన టేకును, గంట తరువాత తీసిన టేకును అతికించబోతే రెండు వేర్వేరు డప్పులు వాయించినట్టు ఉంటుంది. స్టూడియోలో మంట పెట్టనివ్వరు కనుక బయట వరండాలో హీటర్ పెట్టుకుని, రెండు డప్పులు మార్చి మార్చి వేడి చేసుకోవాలి. ప్రతి టేకుకు ముందు సిర్రాతో ఒకే ఒక్క దెబ్బ కొట్టి, మొదటి టేకులోని దెబ్బతో పోల్చి చూసుకోవాలి. ముందొకటి, వెనకొకటి మైకు పెడితే తోలు ఒకదాని వైపు వచ్చినప్పుడు రెండోదాని నుంచి దూరంగా పోతుంది కాబట్టి ఒక మైకు పొలారిటీని తిప్పాలి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయాలి. తిప్పకపోతే రెండూ కలిసినప్పుడు అడుగు శబ్దం అంతా పలచబడిపోతుంది. ఈ మూడు సంగతులు తెలియని వ్యక్తి ఎంత ఖరీదైన స్టూడియోలో కూర్చున్నా మీకు పనికిరాడు. శ్రద్ధగా అడిగి తెలుసుకునేవాడైతే పనికివస్తాడు.

రెండో పెద్ద నిర్ణయం వేగం గురించి. హైదరాబాదు స్టూడియోలో మొదట అడిగేది క్లిక్ (వేగం తప్పకుండా చెవిలో మోగే టిక్ టిక్ శబ్దం) ఎంత అని. మీ నాలుగో పాట ఒగ్గు కథ నడక మీద కట్టినది. ఒగ్గు కథలో కథ వేడెక్కే కొద్దీ డోలు, తాళాల జోరు పెరగడం సహజం. అది తప్పు కాదు, ఆ కళకు ప్రాణమే అది. మొదటి నుంచి చివరి దాకా ఒకే క్లిక్ మీద దాన్ని బిగిస్తే పాట నిలబడిపోతుంది. అలాగని క్లిక్ పూర్తిగా వదిలేస్తే మీ డ్రమ్మర్ రెండో చరణంలో పరుగెత్తే అలవాటు కూడా రికార్డులో పడుతుంది. ఆ పరుగు పాట కోరినది కాదు, చేతి అలవాటు. ఈ రెండింటి తేడా పట్టగలగడమే ప్రొడ్యూసర్ చెవి. నేనైతే మీ ప్రాక్టీసు రికార్డింగుల్లో బాగా వచ్చిన ఒకదాన్ని తీసుకుని, ఏ భాగంలో వేగం ఎంతుందో కొలిచి, ఆ పెరుగుదలను అనుసరించి క్లిక్ వేగం మారేలా టెంపో మ్యాప్ తయారు చేసి, దాని మీద మిమ్మల్ని వాయించమంటాను. పెరగవలసిన చోట పెరుగుతుంది, పెరగకూడని చోట ఆగుతుంది. మిగతా ఐదు పాటలకు మామూలు క్లిక్ చాలు.

శ్రుతి సంగతి క్లుప్తంగా చెబుతాను. వేదిక మీద జనం హోరుకు ఎదురు పాడాలి గనుక మీ గాయకుడు అన్ని పాటలనూ పైశ్రుతిలో పెట్టుకున్నాడు. మైకుకు జానెడు దూరంలో పాడేటప్పుడు ఆ అవసరం లేదు. ఒకటో పాటనూ ఐదో పాటనూ శ్రుతి ఒక కట్టె (ఒక మెట్టు) దించి పాడించి చూడండి. గొంతులో అరుపు పోయి మాట కనిపిస్తుంది. దించితే ఊపు పోయిందనిపిస్తే వెనక్కి వెళ్లిపోవచ్చు, ప్రాక్టీసులో ఖర్చేమీ లేదు.

మీ శ్రోతల్లో ఎక్కువ మంది ఫోనులో వింటారు. ఆ చిన్న స్పీకరు బేస్ గిటారు అడుగు స్వరాలను మోయలేదు. కాబట్టి బేస్ వాయించే పద్ధతిలోనే కొంత పై శబ్దం, తీగ మీద వేలి రాపిడి వినబడేలా చూసుకోవాలి. మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చివరి మెరుగు) వీలైనంత గట్టిగా పెంచమని పట్టుబట్టకండి. యూట్యూబ్, స్పాటిఫై వంటివి సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే బిగ్గరతనపు కొలత) స్థాయిని ప్రమాణంగా పెట్టుకుని అంతకన్నా గట్టిగా ఉన్నవాటిని తగ్గించేస్తాయి. డీజే బండి మీద మోగే పాటతో పోటీ పడాలని పెంచుకున్న పెంపు అంతా అక్కడ పోతుంది, నలిగిన డప్పు మాత్రం నలిగినట్టే మిగులుతుంది.

ఇంతకీ మీకు ప్రొడ్యూసర్ అవసరమా? నా అభిప్రాయంలో అవసరమే, కానీ స్టూడియోలో ఉండేందుకు కన్నా ముందుగా మీ ప్రాక్టీసు గదికి వచ్చేందుకు. పైన చెప్పిన దరువు మార్పు, శ్రుతి, వేగం ఏవీ స్టూడియోలో గంటకు ఇంత అని అద్దె కడుతూ తేల్చుకునేవి కావు. హన్మకొండ దాకా వచ్చి రెండు మూడు సాయంత్రాలు మీ పాటలు వినడానికి తీరిక లేదన్న వ్యక్తి ఎంత పేరున్నవాడైనా వదులుకోండి. వచ్చినవాడిని మీ ఆరు పాటల్లో ఏది రికార్డు చేయకూడదో అడగండి. ‘అన్నీ బాగున్నాయి’ అంటే అతడు విన్నది తక్కువ. ఫలానా పాటకు రెండో చరణం అక్కర్లేదనో, ఫలానా బిట్ వేరే పాటలో నుంచి వచ్చినట్టుందనో చెప్పగలిగితే అతనితో వాదన పెట్టుకోవచ్చు, పని కూడా చేయవచ్చు. ఆరు పాటలకూ ఒకేసారి మాట ఇవ్వకుండా ముందు రెండు చేసి చూడండి. లాప్‌టాప్ మిత్రుడిని కూడా కాదనకండి. గాత్రం, హమ్మింగులు, గిటారు అదనపు భాగాలు అతని గదిలోనే తీసుకోవచ్చు, మంచి మైకు అద్దెకు దొరుకుతుంది. హైదరాబాదు స్టూడియో అద్దెను డ్రమ్స్, డప్పు కోసం ఖర్చు పెట్టండి, పెద్ద గది అవసరమయ్యేవి అవే. వీలైతే వానలు మొదలుకాక ముందే ఆ పని ముగించండి, ముసురు పట్టిన రోజుల్లో డప్పు తోలు ఎంత కాచినా నిలవదు.

ఒప్పందం గురించి మీరు అడగలేదు గాని, చెప్పకుండా వదిలేయడం సరికాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు కర్తగా పరిగణించేది ప్రొడ్యూసర్‌నే. అయితే ఆ చట్టం చెప్పే ప్రొడ్యూసర్ నేను ఇంతసేపు చెప్పిన మనిషే కానక్కర్లేదు. రికార్డింగ్ తయారు చేయడానికి చొరవ తీసుకుని బాధ్యత వహించిన వ్యక్తి అని చట్టం నిర్వచనం. మీరే డబ్బు పెట్టి, మీరే స్టూడియో మాట్లాడుకుని, ఆయనకు ఫీజు ఇచ్చి పిలిపించుకుంటే ఆ స్థానం మీదని చెప్పుకోవడానికి బలమైన ఆధారం ఉంటుంది. ఆయనే ఖర్చు భరించి రికార్డు చేస్తే కథ వేరు. విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ల పాటు నడిచే హక్కు ఇది, నోటి మాట మీద వదిలేయకూడదు. పాట రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు దీనితో కలవకుండా విడిగా ఉంటాయి. వాటిని ఎవరికైనా బదలాయించాలంటే రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అన్నట్టుగా చట్టం తీసుకుంటుంది. ప్రొడ్యూసర్‌కు ఫీజు మాత్రమేనా, రాబడిలో వాటా కూడానా అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి. ఆల్బినీ వంటివారు వాటా తీసుకోవడం సరికాదని పనికి తగ్గ ఫీజుతో సరిపెట్టుకున్నారు. వాటా అడిగేవారూ ఉంటారు, అందులో తప్పేమీ లేదు, ఎంతన్నది ముందే తేలితే చాలు.

అదే కాగితంలో మరో వాక్యం రాయించుకోండి: మిక్సింగ్ పూర్తయిన పాటతో పాటు విడివిడి ట్రాకులన్నీ 24 బిట్ వేవ్ (నాణ్యత తగ్గించని) ఫైళ్లుగా, ప్రాజెక్టు ఫైలుతో సహా మీ హార్డ్ డిస్కులోకి వచ్చిన తరువాతే చివరి విడత చెల్లిస్తామని. రికార్డింగ్ చివరి రోజున డిస్కు ఒకటి ఖాళీగా వెంట తీసుకువెళ్లండి, స్టూడియో వదిలే ముందే ఫైళ్లు తెరిచి ఒక్కొక్క ట్రాకు మోగుతోందో లేదో చూసుకోండి.